కప్పు మీది పూర్ణకుంభం

తూర్పు సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని వీరప్రచండ భూపతి అనే రాజు ఏలేవాడు. ఆయన పేరు నిజానికి అంతటితో ఆగదు. ముందూ వెనకా బిరుదులు చాలా ఉన్నాయి. అవన్నీ చెప్పడం మొదలుపెడితే కథకు పొద్దు చాలదు.

రాజు చెడ్డవాడు కాడు. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు. తప్పు చేస్తే ఒప్పుకునేవాడు కూడా, ఆ సంగతి ఆయనకు చెప్పగలిగినవాడు దొరికితే. ఆయనకు ఉన్నదల్లా ఒక్క నమ్మకం. రాజ్యంలో ఏ మంచి జరిగినా అది తన పుణ్యం వల్లే జరుగుతోందని. వాన పడితే తన పుణ్యం. మామిడి విరగకాస్తే తన పుణ్యం. గోశాలలో ఆవు కవలదూడల్ని ఈనితే జనం ఆ ఆవు ముఖమైనా చూడకుండా నేరుగా వచ్చి రాజుగారికి దండలు వేసేవారు.

ఆ రాజ్యానికి నూలుపట్నం అని ఒక రేవు ఉండేది. రాజధాని నుంచి గుర్రం మీద పోతే ఒక పగటి ప్రయాణం. ఊరంతా తాటాకు ఇళ్లు. ఇంటింటా దూది, నూలు, నూనె కుండలు, దండేల మీద ఆరేసిన అద్దకం బట్టలు. ఎండాకాలం పడమటి గాలి తిరిగిందంటే ఒక్క రవ్వ చాలు, ఊరు ఊరంతా పొయ్యిలో పుల్లల్లా అంటుకోవడానికి.

అందుకని పూర్వం ఎవరో పెద్దలు ఒక కట్టడి చేశారు. ప్రతి ఇంటి కప్పు మీద వెదురు గూడు కట్టి అందులో నిండు నీళ్ల కుండలు పెట్టాలి. ప్రతి వీధి మొదట్లో ఇనుప కొక్కెం బిగించిన పొడుగాటి వెదురు గడలు నిలబెట్టాలి, అంటుకున్న కప్పును లాగి కింద పడెయ్యడానికి. మంట దాటకుండా రెండు వీధులకు ఒకటి చొప్పున సందు ఖాళీగా వదలాలి. దానిలో దూడను కూడా కట్టకూడదు. ఇదంతా చూసుకోవడానికి నిప్పుకాపులని కొందరుండేవారు. ఎండవేళ డప్పు కొట్టుకుంటూ వీధులు తిరిగి, పొయ్యిలు ఆర్పారో లేదో గడప గడపకూ అడగడం వాళ్ల పని.

ఆ ఏడు మాఘమాసంలో, రేవుకొచ్చిన కొత్త గుర్రాలను చూడటానికి రాజుగారు నూలుపట్నం వెళ్లారు. ఏనుగు మీద అంబారీ, అంబారీ మీద తెల్ల గొడుగు. అద్దకం వీధిలో మలుపు తిరిగేసరికి ఆ గొడుగు అంచు ఒక కప్పు మీది వెదురు గూటికి తగిలింది. కుండ ఒరిగింది. చల్లటి నీళ్లు రాజుగారి తలపాగా మీద పడి, మీసాల మీదుగా కారి, పట్టు ఉత్తరీయంలో ఇంకిపోయాయి.



"ఎవడిదీ పని?" అన్నాడు రాజు.

"ఎవరిదీ కాదు ప్రభూ, కుండది" అన్నాడు వెనక గుర్రం మీద వస్తున్న తిప్పన.

ఈ తిప్పన రాజుగారి కొలువులో చమత్కారి. నలుగురినీ నవ్వించడం ఆయన ఉద్యోగం గానీ, స్వతహాగా మహా భయస్తుడు. ఇంటి నుంచి బయలుదేరి సగం దూరం వచ్చాక గొళ్లెం వేశానో లేదో అని వెనక్కి వెళ్లి చూసుకునే రకం. దానికి తోడు ఇంకో పట్టింపు. కొలువులో ఒక్క అబద్ధం కూడా ఆడడు. నవ్వించేవాడు అబద్ధం కూడా ఆడితే ఇక తన మాట ఎవరు నమ్ముతారని ఆయన భయం.

రాజు నిప్పుకాపుల పెద్దను పిలిపించాడు. వాడి పేరు గుర్రప్ప.

"నా ఏలుబడిలో ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లు కాలిపోయాయిరా?"

గుర్రప్ప ఛాతీ పొంగింది. "ఒక్కటంటే ఒక్కటి లేదు ప్రభూ! రవ్వ పడిందంటే పొగ లేవకముందే మేం అక్కడ..."

రాజుగారు మొదటి ముక్క దగ్గరే ఆగిపోయారు. "ఒక్కటి కూడా లేదు! విన్నారా మంత్రీ?"

మంత్రి సింగనామాత్యుడు వినడమే కాదు, అప్పుడే లెక్క కట్టేశాడు కూడా. "ఏలినవారి పుణ్యం కాపలా కాస్తుంటే ఇక కుండలెందుకు ప్రభూ? మీ పుణ్యం మీద మాకు నమ్మకం లేదని ఊరంతా కప్పులెక్కి చాటుతున్నట్టుంది. ఈ కాపులు ఏళ్ల తరబడి ఊరికే కూర్చుని జీతం తింటున్నారు. ఆ ఖాళీ సందుల్లో అంగళ్లు పెట్టించి అద్దెకిస్తే ఖజానాకు రాబడి."

తిప్పన గుర్రం దిగాడు. "ప్రభూ, ముందుగా ఒక మనవి. ఈ వీధిలోనే మా అమ్మాయి మాచమ్మ కాపురం ఉంది. ఇద్దరు పసివాళ్లు. అంచేత నేను చెప్పబోయే దాంట్లో నా స్వార్థం ఉంది. అది తీసేసి మిగిలింది వినండి."

"స్వార్థం తీసేస్తే ఇక మిగిలేదేముంది తిప్పన్నా?" అన్నాడు మంత్రి. "అల్లుడి ఇంటి కప్పు తడుపుకోవడానికి రాజుగారి ఖజానా కావాలా?"

"అల్లుడి కప్పుకు ఆనుకునే మీరు సుంకం తీసుకునే సరుకు కొట్లున్నాయి మంత్రిగారూ. మంట వచ్చి ఇది ఎవరి అల్లుడిదని అడగదు."

రాజుకు విసుగొచ్చింది. "తిప్పనా, సూటిగా చెప్పు. ఇన్నేళ్లూ ఈ ఊరిని కాపాడింది నా పుణ్యమా, ఈ మట్టికుండలా?"

కుండలంటే తల పోతుంది. పుణ్యమంటే కుండలు పోతాయి. తిప్పన చేతులు జోడించాడు.

"ఏదన్నది తేల్చాలంటే రెండిట్లో ఒకటి తీసి చూడాలి ప్రభూ. కుండలు తీసి చూడటానికి నాకు భయం. మీ పుణ్యం తీసి చూడటానికి మీరు ఒప్పుకోరు. తేల్చకుండా వదిలేస్తేనే ఇద్దరికీ మంచిది."

రాజుకు నవ్వు రాబోయింది. సరిగ్గా అప్పుడే మీసం కొసన వేలాడుతున్న నీటిబొట్టు ఒకటి పెదవి మీద పడింది. నవ్వు ఆగిపోయింది.

"కుండలే తీసి చూద్దాం! సందులు అద్దెకివ్వండి. కాపుల్ని మాన్పించండి. ఇంకో మాట. నా పుణ్యం ఉండగా ఈ రాజ్యంలో నిప్పు భయమన్నది లేదు. లేనిదాని పేరెందుకు? ఇవాళ్టి నుంచి నా చెవిన నిప్పు అన్న మాట పడితే, పలికినవాడు ఎవరైనా సరే, దేశం విడిచి పోవలసిందే!"

రాజాజ్ఞ అయిపోయింది. కోటలో వంటవాళ్లు 'కాస్త అది తెండి' అని ఒకరినొకరు అడుక్కోవడం మొదలుపెట్టారు. హోమం చేయించే పురోహితుడు అగ్నిహోత్రుడికి ఏ పేరు పెట్టాలో తెలియక ఆ నెలంతా గొంతు బొంగురుపోయిందని ఇంట్లోనే ఉండిపోయాడు.

నూలుపట్నంలో కుండలు కిందికి దిగాయి. కొక్కేల గడలు పందిళ్లకు గుంజలయ్యాయి. ఖాళీ సందుల్లో అంగళ్లు వెలిశాయి, వాటి మీద తాటాకు పందిళ్లు వేశారు. వీధికీ వీధికీ మధ్య ఇప్పుడు చీమ దూరే సందు కూడా లేదు. అద్దెలు బాగానే వచ్చాయి. మంత్రి రోజూ రాజుకు ఆ సంగతే విన్నవించేవాడు.

సుంకం సంగతి మాత్రం విన్నవించలేదు.

ఒకరోజు తిప్పన కూతుర్ని చూడటానికి నూలుపట్నం వచ్చి, రేవులో కొమ్మిశెట్టి తన సరుకు మూటల్ని మళ్లీ ఓడకెక్కిస్తుంటే చూశాడు. కొమ్మిశెట్టి అంటే దీవుల దాకా వర్తకం చేసే ఘనుడు.

"ఏం శెట్టిగారూ, దించిన సరుకే ఎక్కిస్తున్నారు?"

"పై రేవుకు పోతున్నానండి."

"మా సరుకు నచ్చలేదా? ధర కుదరలేదా?"

"సరుకు బంగారం. ధరకేం, బేరమాడుకుంటే కుదురుతుంది." శెట్టి కళ్లు ఇళ్ల కప్పుల మీదికి పోయాయి. "ఓడ రేవుకు వస్తుంటే నేను మొదట చూసేది ఊరి కప్పులండి. కుండలు కనిపిస్తే, సరే, ఇక్కడ సరుకు దించి నాలుగు నెలలు నిద్రపోవచ్చు అనుకుంటాను. ఇప్పుడు కనిపించడం లేదు. మేలుకుని కాపలా కాయడానికి నాకు వయసైపోయింది. మాకు అప్పిచ్చేవాళ్లు కూడా నూలుపట్నంలో సరుకంటే అప్పివ్వం అంటున్నారు."

శెట్టి ఒక్కడే కాదు. ఒకరి వెనక ఒకరు పెద్ద వర్తకులంతా జారుకున్నారు. కొనేవాళ్లు లేక నేతగాళ్ల మగ్గాలు ఆగాయి. నేతగాళ్లు కొనక అంగళ్లు వెలవెలబోయాయి. సందుల్లో అద్దెకున్నవాళ్లు అద్దె కట్టడం మానేశారు. వర్తకులకు విశ్వాసం లేదని మంత్రి తీర్మానించి, పోయినవాళ్ల సుంకం కూడా ఉన్నవాళ్ల మీద వేశాడు. దాంతో ఉన్నవాళ్లు కూడా మూటలు సర్దారు.

ఎండలు ముదురుతున్నాయి. తిప్పనకు అన్నం సయించడం లేదు. రాజధానిలో వంటింటి పొగ వాసన తగిలినా గుండె నూలుపట్నంలో దడదడలాడేది. పిల్లల్ని తీసుకుని వెంటనే వచ్చెయ్యమని మాచమ్మకు బండివాడితో కబురు పంపాడు. బండివాడు ఖాళీ బండితో తిరిగొచ్చాడు.

"రానందా?"

"వస్తానందయ్యా. తన పిల్లల్ని నా బండిలో తెస్తానంది. వీధిలో తక్కిన పిల్లల్ని ఏ బండిలో తీసుకురమ్మంటారో నాన్నగారిని అడిగి రమ్మంది."

 మర్నాడు ఉదయం తిప్పన మామూలుకంటే శుభ్రంగా తలపాగా చుట్టుకుని కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, మన రాజ్యంలో ఒక అన్యాయం జరుగుతోంది."

"ఎవరికి?" అన్నాడు రాజు.

"తమకే. పక్క రాజు చిన్న గుట్ట ఒకటి గెలిచాడు. మేకలు కూడా ఎక్కని గుట్ట. దానికి ఏటేటా విజయోత్సవం చేయించుకుంటున్నాడు. తమరో! పేరెత్తకూడని పెద్ద శత్రువును రాజ్యంలో అడుగుపెట్టనివ్వడం లేదని తమరే సెలవిచ్చారు. దానికొక ఉత్సవం లేదు, ఊరేగింపు లేదు. ఇక దేశదేశాల వర్తకులకు తెలిసేదెలా?"

రాజు సింహాసనంలో ముందుకు వంగాడు. "నిజమే సుమా! ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదేం?" అని మంత్రి వంక చూశాడు. మంత్రి తనకు మొన్ననే తోచిందన్నాడు.

"ఉత్సవం ఎక్కడ చేద్దాం?"

"ఆ శత్రువు రావాలని చూసేది నూలుపట్నానికే. అక్కడే చెయ్యాలి. వేసవి పొడుగునా చెయ్యాలి. తమరు ఏ క్షణానైనా వేంచేయవచ్చు గనక స్వాగతం ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రాజుకు స్వాగతమంటే ఏం కావాలి ప్రభూ?"

"పూర్ణకుంభం."

"ప్రతి ఇంటి ముందూ ఉండాలి. కానీ తమరు వచ్చేది ఏనుగు మీద. గడప దగ్గరుంటే తమ పాదాల కింద ఉన్నట్టే. తమ చూపు ఆనేంత ఎత్తున ఉండాలి."

"అయితే కప్పు మీద పెట్టించు!" అన్నాడు రాజు.

"చిత్తం. తమ ఆలోచనే బాగుంది. మరి తమ బిరుదులు రాసిన జెండాలు వీధి మొదట్లో ఎగరాలి. పొడుగాటి వెదురు గడలు కావాలి. గాలికి జెండా జారిపోకుండా కొసన ఇనుప కొక్కెం ఉండాలి."

"ఉండాలి మరి."

"ఊరేగింపు వీధి వెంట పోయి అదే వీధిలో వెనక్కి రావడం తమ దర్జాకు తక్కువ. రెండు వీధులకు ఒకటిగా రాజమార్గం ఉండాలి. తమ ఏనుగు తప్ప ఇంకేదీ అందులో నిలవకూడదు. దూడ కూడా."

"దూడా? నా మార్గంలో దూడా? ఆ అంగళ్లు తీయించండి!"

"ఇక బిరుదులు చదివేవాళ్లు కావాలి. కొలువులో చదివితే మేం వింటాం, మాకు కొత్తేముంది? ఎండవేళ డప్పుతో గడప గడపకూ వెళ్లి చదవాలి."

సింగనామాత్యుడి ముఖం ఎర్రబడింది. ఆయన మందమతి కాడు. "ప్రభూ! ఇవి ఆ కుండలే! ఆ గడలే! ఆ సందులే! మనం తీసేయించినవే తిప్పన మళ్లీ పెట్టిస్తున్నాడు!"

తిప్పన నెమ్మదిగా ఆయన వైపు తిరిగాడు. "మంత్రిగారూ, తమరి మాట అందరికీ సరిగా బోధపడాలి. ఏలినవారికి పట్టే పూర్ణకుంభమూ, ఏలినవారికి అవమానమని తమరే తీయించిన ఆ మట్టికుండా రెండూ ఒకటేనంటారా? గట్టిగా చెప్పండి, ప్రభువులు వింటారు."

రాజు మంత్రిని చూశాడు. మంత్రి నేలను చూశాడు.

"ఒకటెలా అవుతాయి?" అన్నాడు మంత్రి చివరికి. "నేనేదో... కుండలు ఇంకా పెద్దవి ఉంటే బాగుంటుందని..."

"చూశారా ప్రభూ, మంత్రిగారి భక్తి! ఇంకా పెద్దవి" అన్నాడు తిప్పన. అవి కూడా మంజూరయ్యాయి.

బిరుదులు చదవడానికి గుర్రప్పనూ, పనిలేక తిరుగుతున్న వాడి మనుషుల్నీ పిలిపించారు. వాళ్లకు డప్పు వచ్చు గానీ బిరుదులు నాలుక తిరగవు. తిప్పన ఓపికగా నేర్పించాడు. ఎండవేళ నూలుపట్నంలో ఆ గానం ఇలా సాగేది:

"శత్రురాజ గర్వ... గర్వ... అక్కా, పొయ్యి ఆర్పావా? ఆ పుల్ల బయట పడెయ్యకు, నీళ్లు చల్లు! ...గర్వభంజన! సమరచండ... ముసలమ్మా, ఆ చుట్ట దూది పక్కనుంచి తియ్యి! ...సమరచండ మార్తాండ!"

ఎర్రటి ఎండలో ఈ రాజభక్తి ఏమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోయేవారు.

ఎవరు చెప్పారో ఏమో, కొమ్మిశెట్టి ఓడ మళ్లీ రేవు ముందుకు వచ్చింది. శెట్టి ఓడ అంచున నిలబడి కప్పులన్నీ ఒకసారి కలయజూశాడు. మామిడాకులూ కొబ్బరికాయలూ పెట్టుకుని కుండలు ధగధగలాడుతున్నాయి. ఆయన చాలాసేపు నవ్వుకుని, సరుకు దించమన్నాడు. ఆ వెనకే తక్కినవాళ్లూ వచ్చారు. మగ్గాలు కదిలాయి. సుంకం మళ్లీ పుంజుకుంది.

"చూశావా తిప్పనా!" అన్నాడు రాజు. "నా పుణ్యాన్ని కొనియాడితే వ్యాపారం ఎలా పెరుగుతుందో!"

"కళ్లారా చూస్తున్నాను ప్రభూ" అన్నాడు తిప్పన. చూస్తున్న మాట నిజమే గనక అది అబద్ధం కాలేదు.

పెద్ద ఊరేగింపుకు వైశాఖంలో ముహూర్తం పెట్టారు. తిప్పనకే పేరంతా పోతోందని మంత్రికి కడుపుమంట. ఊరేగింపు అద్దకం వీధిలోకి రాగానే తన తరఫున బాణసంచా కాల్పించాలని తలపెట్టాడు. సంగతి తెలిసి తిప్పన పరుగెత్తాడు. రాజు కూడా అక్కడే ఉన్నాడు.

"మంత్రిగారూ, ఆ వీధిలో తారాజువ్వలు వద్దండి."

"ఎందుకు వద్దు?"

"ఎందుకంటే... అందులోంచి రాలేది..."

"ఏమిటి రాలేది?" అన్నాడు మంత్రి కళ్లెగరేస్తూ. "పేరు చెప్పు తిప్పన్నా. ప్రభువులు వింటారు."

  తిప్పన గబగబా గుర్రప్ప దగ్గరకు వెళ్లి, ఆ వీధిలో ప్రతి కప్పు మీదా పూర్ణకుంభం పక్కన ఆ ఇంటివాళ్లను ఒకరిని కూర్చోబెట్టమన్నాడు, ప్రభువుల మీద పూలు చల్లడానికి.

సందెవేళ ఊరేగింపు అద్దకం వీధికి వచ్చింది. ఏనుగు మీద రాజు, గొడుగు, వెనక గుర్రాలు, ముందు గుర్రప్ప డప్పు. మంత్రి సైగ చేశాడు. తారాజువ్వలు లేచాయి. ఆకాశంలో పూలు పూశాయి. జనం ఆహా అన్నారు. వాటిలో ఒకటి దారి తప్పి పడమటి గాలికి ఒరిగి వచ్చి, మంత్రి తన కోసం వేయించుకున్న పందిరి మీద వాలింది.

ఎండిన తాటాకు. ఇంకేముంది?

మంత్రి చూశాడు. నోరు తెరిచాడు. ఆజ్ఞ గుర్తొచ్చింది. "ప్రభూ... అది... అక్కడ అది..."

"ఏది?" అన్నాడు రాజు, జువ్వల వంకే చూస్తూ.

"అదే ప్రభూ! తమరు లేదన్నది!"

"నేను లేదన్నది ఉండటమేమిటి?"

భటులు వేళ్లు చూపిస్తున్నారు గానీ ఒక్కడి గొంతూ పెగల్లేదు. గాలి విసురుకు రవ్వలు వచ్చి రాజుగారి తెల్ల గొడుగు మీద పడ్డాయి. పట్టు గుడ్డ చిటపటలాడింది. రాజు తల ఎత్తి చూసుకున్నాడు.

"నిప్పు!" అని అరిచాడు వీరప్రచండ భూపతి. "బాబోయ్ నిప్పు! నిప్పు!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు వీధి కదిలింది. గుర్రప్ప బిరుదులు వదిలేసి డప్పు వరస మార్చాడు. జెండాలు తెగి పడ్డాయి, గడల కొక్కేలు పందిరి కప్పును పట్టి ఒక్క లాగు లాగి నడివీధిలో పడేశాయి. కప్పుల మీదివాళ్లు పూల బుట్టలు విసిరేసి కుండలు వంచారు. మావటి ఏనుగును ఖాళీగా ఉన్న రాజమార్గంలోకి మళ్లించాడు. మంట ఆ ఖాళీ దాకా వచ్చి, దాటడానికి ఏమీ దొరక్క చతికిలబడింది.

ఇంకా కాలుతున్నది గొడుగొకటే. మలుపులో కప్పు మీద కూర్చున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, చీర కుచ్చిళ్లు దోపుకుని, పెద్ద కుండ ఒకటి ఎత్తి గురిచూసి కుమ్మరించింది. గొడుగు ఆరింది. ఆ నీళ్లు తలపాగా తడిపి, మీసాల మీదుగా కారి, పట్టు ఉత్తరీయంలో ఇంకిపోయాయి.

"క్షమించాలి ప్రభూ, వేరే దారి కనిపించలేదు" అంది మాచమ్మ. మంత్రి అడిగి మరీ చేయించిన పెద్ద కుండ అది.

మర్నాడు ఉదయం నూలుపట్నం విడిదిలోనే కొలువు తీరింది. కాలినవి మంత్రి పందిరీ, దాని పక్క కప్పు సగమూ, రాజుగారి గొడుగూ. మనుషులెవరికీ ఏమీ కాలేదు. రాజు మాత్రం ముఖం గంభీరంగా పెట్టుకుని కూర్చున్నాడు.

"తిప్పనా, ఆ కుండలు నా గౌరవానికి పెట్టించావా, ఇందుకోసమేనా?"

"ఎందుకోసం ప్రభూ? ఆ మాట పలికితే నేను దేశం విడిచి పోవాలి."

రాజు గొంతు సవరించుకున్నాడు. "నిన్న అందరికంటే ముందు ఎవరు పలికారు?"

"నేను కప్పుల వంక చూస్తున్నాను ప్రభూ, ఎవరి నోరు కదిలిందో చూడలేదు. కానీ ఊరు నిలబడింది ఆ గొంతు వల్లే. ఆ మనిషిని మాత్రం దేశం దాటించకండి."

కొలువులో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసాలు కదిలాయి గానీ నిలదొక్కుకున్నాడు.

"ఆ ఆజ్ఞ రద్దు చేస్తున్నాను. ఇప్పుడు చెప్పు. ఆనాడు అడిగిన ప్రశ్నే అడుగుతున్నా. ఊరిని కాపాడింది నా పుణ్యమా, కుండలా? తప్పించుకోకూడదు. అబద్ధం ఆడకూడదు."

మంత్రి తలెత్తాడు. ఈసారి తిప్పన ఎలా బయటపడతాడో చూడాలని అందరూ చెవులు రిక్కించారు.

"తమ పుణ్యమే కాపాడింది ప్రభూ" అన్నాడు తిప్పన. "కాకపోతే నాకు నిన్నటి దాకా తెలియని విషయం ఒకటి తెలిసింది. తమ పుణ్యం తడిగా ఉంటుంది. ఎవరో కుండకెత్తి కప్పు మీద పెడితే గానీ తనంతట తాను పైకెక్కలేదు. నిన్న అది తమ మీసాల మీదుగా కారుతుంటే ఊరంతా చూశాం."

 రాజు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. పొద్దుటి స్నానం తడి దాని మీద ఇంకా ఆరలేదు. ఆయన వేలు చూసుకుని, తిప్పనను చూసి, పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ సింహాసనం చేతులు పట్టుకున్నాడు.

"తడి పుణ్యం! తడి పుణ్యమటయ్యా! ఏం కావాలో కోరుకో తిప్పనా!"

"రెండు కోరికలు ప్రభూ. ఈ ఉత్సవం ఎప్పటికీ ఆగకూడదు. ఒక్క ఇల్లూ కాలని ఏళ్లు చాలా వస్తాయి. ఇదంతా దండగ అని అప్పుడు తప్పకుండా ఎవరికో తోస్తుంది. సరిగ్గా ఆ ఏడు ఇంకా ఘనంగా చెయ్యాలి."

"శాసనం వేయిస్తాను. రెండోది?"

"అద్దకం వీధిలో మా అమ్మాయి ఇంటి పక్కన నాకొక తాటాకిల్లు."

రాజు ఆశ్చర్యపోయాడు. "గొళ్లెం వేశానా లేదా అని వణికేవాడివి, ఈ తాటాకుల మధ్య ఉంటావా? భయం వెయ్యదూ?"

"వేస్తుంది ప్రభూ. కానీ ఇక్కడైతే భయమేసినప్పుడు లేచి కుండ నిండా నీళ్లున్నాయో లేదో చూసుకోవచ్చు. రాజధానిలో ఉంటే భయపడటం తప్ప నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. ఇల్లు ఇచ్చాడు. మాచమ్మకు పట్టుచీరలు, గుర్రప్ప మనుషులకు శాశ్వతంగా జీతాలు ఏర్పాటు చేశాడు. సింగనామాత్యుణ్ణి కూడా మరవలేదు. కుండలు పెద్దవి కావాలన్న ఆయన భక్తికి మెచ్చి పూర్ణకుంభాధికారిగా నియమించాడు. అంటే వేసవి పొడుగునా నిచ్చెన వేసుకుని కప్పు కప్పూ ఎక్కి, కుండలు నిండుగా ఉన్నాయో లేదో వేలు ముంచి చూడటం.

రాజుగారు మారిపోయారా అంటే, అంత చప్పున మారేవారు రాజులెందుకవుతారు? ఆ ఏడే తన పేరు వెనక ఇంకో బిరుదు చేర్చుకున్నారు, అగ్నివిజేత అని. ఎండవేళ గుర్రప్ప దాన్ని కూడా గడప గడపకూ వినిపించేవాడు, పొయ్యి ఆర్పారా అని అడగడానికి మధ్యలో కాస్త ఆగి.

ఆ రాజు పోయాడు, ఆ బిరుదులూ పోయాయి. కుండలు మాత్రం నూలుపట్నం కప్పుల మీద చాలాకాలం ఉన్నాయి. ఎందుకున్నాయో మరిచిపోయేంత కాలం ఊళ్లో ఏమీ కాలలేదు. అయినా శాసనం ఉంది గనక ఏటా నింపేవారు. పూర్వం ఒక మహారాజు కోసం పెట్టిన నీళ్లివి అని పెద్దలు చెబితే, అమ్మో, ఆయనకు అంత దాహమా అని పిల్లలు అడిగేవారట.